మెమ్‌రిస్టర్ - విద్యుత్ వలయంలో నాల్గవ మూలకం

సాహిత్యం బోధించే మేము విద్యుత్తును గూర్చి వ్రాయబూనడం భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులకు వింతగా తోచవచ్చును. అయితే ఈ వస్తువు కథ ఒక ఖాళీ స్థానంతో ఆరంభమైనది. అదే మమ్మల్ని ఆకర్షించినది.

నిరోధకం, కెపాసిటర్, ప్రేరకం అనే మూడు మూలకాలను మన విద్యార్థులు ఎరుగుదురు. పొటెన్షియల్ భేదం, ప్రవాహం, ఆవేశం, అయస్కాంత అభివాహం అనే నాలుగు రాశులను రెండేసి చొప్పున జతపరిస్తే ఆరు సంబంధాలు ఏర్పడతాయి. వాటిలో రెండు మౌలిక సూత్రాలు. మూడు పై మూలకాలకు చెందినవి. ఆవేశానికి, అభివాహానికి నడుమ సంబంధం తెలిపే మూలకమే లేదు. అది ఉండితీరవలెనని 1971లో లియాన్ చువా అనే ఆచార్యుడు అమెరికాలో ప్రతిపాదించి, ముందుగానే పేరు కూడా పెట్టినారు. మెండలీఫ్ తన పట్టికలో ఖాళీలు విడిచినట్లే ఇదియును.

మెమ్‌రిస్టర్ అనగా స్మృతి గల నిరోధకం. స్మృతిని మన ఉర్దూ శాఖ మిత్రులు హాఫిజా అంటారు. తన గుండా ఇంతవరకు ఎంత ఆవేశం ఏ దిశలో పోయినదో దాని నిరోధాన్ని బట్టి తెలియును. మట్టికాలువలో నీరు పారినకొద్దీ దారి వెడల్పగును. నీరు ఆగినా ఆ వెడల్పు నిలుచును. పోలిక ఇంతవరకే సరిపోవును. కాలువలో నీరు వెనుకకు పారదు, ఇందులో ప్రవాహం వెనుకకు పారి దారిని మరల ఇరుకు చేయగలదు.

2008లో హ్యూలెట్ పాకార్డ్ ప్రయోగశాలలో స్టాన్లీ విలియమ్స్ బృందం దానిని కనుగొన్నట్లు ప్రకటించినది. రెండు ప్లాటినం తీగల నడుమ కొన్ని నానోమీటర్ల మందం గల టైటానియం డయాక్సైడ్ పొర. అందులో ఒక భాగంలో ఆక్సిజన్ పరమాణువులు కొన్ని లోపించి ఉంటాయి. ఆ భాగం విద్యుత్తును సులభంగా పోనిచ్చును. ప్రవాహం ఆ ఖాళీలను ముందుకు నెట్టితే నిరోధం తగ్గును, వెనుకకు నెట్టితే పెరుగును. కరెంటు తీసివేసినా అవి ఉన్నచోటనే ఉండును.

ప్రయోజనం ఇక్కడనే కలదు. కంప్యూటరు పని చేసేటప్పుడు వాడే జ్ఞాపకం కరెంటు పోగానే తుడిచిపెట్టుకొని పోవును, ఇది పోదు. మరియొకటి, కంప్యూటరులో లెక్క ఒకచోట, జ్ఞాపకం వేరొకచోట జరుగును. ఆ రెంటి నడుమ రాకపోకలకే శక్తి విస్తారంగా వ్యయమగును. మెదడులో నాడీకణాల సంధి ఈ రెండు పనులను ఒకేచోట చేయును; మెమ్‌రిస్టర్ కూడ అటులనే చేయగలదని పరిశోధకుల ఆశ.

ఆశకు తగిన వేగం మాత్రం కానరాలేదు. 2010లో హ్యూలెట్ పాకార్డ్, హైనిక్స్ సంస్థలు కలిసి మూడేండ్లలో దీనిని విపణికి తెచ్చుటకు పూనుకొన్నవి గాని అది నెరవేరలేదు. ఇదే జాతికి చెందిన నిరోధ స్మృతిని 2013లో పానసోనిక్ చిన్న నియంత్రణ చిప్పులలో అమర్చినది. ఒక కణానికి, మరొక కణానికి ప్రవర్తన సరిపోలకపోవడం పెద్ద చిక్కు.

అసలు 2008 నాటి వస్తువు చువా చెప్పిన నాల్గవ మూలకమేనా అన్నదియు వివాదమే. అందులో అయస్కాంత అభివాహానికి పాత్ర లేదని 2015లోను, అది మౌలిక మూలకమే కాదని 2018లోను శాస్త్రపత్రికలలో ఆక్షేపించినారు. ఆ ఆక్షేపణ బలమైనదేనని మాకు తోచుచున్నది. అయినను ఖాళీ స్థానంలో చేరినది వేరొకటైనా, జ్ఞాపకముంచుకొనే వస్తువొకటి చేతికి చిక్కినది గదా!