ఆకస్మిక మరణము: వెనుక మిగిలినవారి దుఃఖము

వృద్ధులు మంచమెక్కి, నలుగురిని చూచుకొని కన్నుమూయుట యొక రీతి. ప్రొద్దున చద్దియన్నము తిని బయలుదేరినవారు మధ్యాహ్నమునకు లేరని వార్త వచ్చుట వేరొక రీతి. మెదకు జిల్లా శివ్వంపేట ప్రాంతమువారికి ఈ రెండవదానిని గూర్చి వివరింప నక్కరలేదు. 2014 జూలై 24వ తేదీ ఉదయమున, ఆ చేరువనే మాసాయిపేటకడ, కాపలా లేని రైలుగేటును దాటుచున్న బడిబస్సును రైలు ఢీకొనగా పదిమందికి మించి పిల్లలు మరణించిరి. ఒకే తల్లి బిడ్డలిద్దరును పోయిన యిండ్లు గలవు.

ఇట్టి యింటికి పోయి మనశ్చికిత్సకుడు చేయగలదేమి యని అడుగువారు పలువురు. పోయినవారిని అతడు తెచ్చియీయజాలడు. అయినను అతనికి పని గలదు. అదెట్టిదో మేమిచట కొంత వివరింతుము.

1942 నవంబరు 28వ తేదీ రాత్రి అమెరికాలోని బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను వినోదశాల తగులబడి 492 మంది మరణించిరి. ఎరిక్ లిండెమన్ అను వైద్యుడు బ్రదికి బయటపడినవారిని, మృతుల బంధువులను పరిశీలించి 1944లో ఒక వ్యాసము ప్రకటించెను. గొంతు బిగిసికొనిపోవుట, ఊపిరి చాలకుండుట, పోయినవారి రూపము కన్నులకు కట్టినట్లుండుట, తన్ను తాను నిందించుకొనుట - ఇవి పిచ్చికి గురుతులు కావనియు, శోకమునకు సహజ లక్షణములనియు ఆయన తెలిపెను.

మన దేశమున 1984 డిసెంబరులో భోపాలు విషవాయువు ప్రమాదము జరిగినప్పుడు మానసిక వైద్యులు చాలినంతమంది లేరు. బెంగుళూరు నిమ్హాన్స్ సంస్థకు చెందిన డాక్టరు ఆర్. శ్రీనివాసమూర్తిగారు, వారి సహచరులు అచటి సాధారణ వైద్యులకే ఈ విద్యలో శిక్షణ నిచ్చిరి. 2004 సునామీ నాటికి ఊరిలోని ఉపాధ్యాయులకు, స్వచ్ఛంద సేవకులకు గూడ నేర్పు పద్ధతి నెలకొనెను. దుఃఖితుల భాష, ఆచారము తెలిసినవాడే వారి గుమ్మమున కూర్చుండగలడు గదా!

మొదటి దినములలో చేయవలసిన పని చూచుటకు స్వల్పము. అన్నము తినిరా, ప్రక్కన ఎవరున్నారు, కాగితముల వ్యవహారము ఎవరు చూచుచున్నారు అని విచారించుట. జరిగినదంతయు చెప్పుమని బలవంతపెట్టరాదు. ఏడ్చువారికి నిద్రమాత్ర యిచ్చి పరుండబెట్టుట మన యిండ్లలో పరిపాటి. వేరు మానసిక వ్యాధి లేనప్పుడు కేవలము శోకమునకై బెంజోడయజపీను జాతి మందులు వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సూచించినది.

దినకర్మలు ముగియువరకు ఇల్లు చుట్టములతో నిండియుండును. ఎవరో ఒకరు వండిపెట్టుదురు, పోయినవారి మాటలే చెప్పుదురు. మా యభిప్రాయమున ఇది మంచి వైద్యమే. చిక్కంతయు ఆ తరువాతిది. చుట్టములు బండి యెక్కగానే ఇల్లు ఒక్కసారిగా మూగవోవును. చికిత్సకుని అసలు పని అప్పుడే మొదలగును.

ఆకస్మిక మరణమున వీడ్కోలు ఉండదు గనుక అపరాధ భావము మిక్కుటము. "బడికి పోనని మారాము చేసినను నేనే కసరి పంపితిని" అని తల్లి కుమిలిపోవును. "నీ తప్పు లేదులే, ఊరుకో అమ్మా" అని తొందరపడి నోరు మూయించుట చికిత్స కాదు. ఆమె చెప్పినంత సేపు వినవలెను. ఆ ఉదయము ఆమెకు తెలిసినదేమి, తెలియనిదేమి అని ఆమె నోటనే మెల్లగా విడదీయించవలెను. ఇందుకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును.

పసివారితో "తమ్ముడు నిద్రపోయినాడు" అనరాదు. ఆ మాట విన్న బిడ్డ తాను నిద్రించుటకే భయపడవచ్చును. చనిపోయినాడనియే, వారికి తెలియు మాటలలో చెప్పవలెను.

పెక్కుమంది తమవారి తోడ్పాటుతోనే తేరుకొందురు. ఆరునెలలు గడచినను శోకము ఏమాత్రము సడలక, పనిపాటలు సాగనీయక, ఆచారము అనుమతించిన గడువును గూడ మించిపోయినచో దానిని దీర్ఘశోక వ్యాధిగా గుర్తింపవచ్చునని 2022 నుండి అమలులోనున్న అంతర్జాతీయ వ్యాధుల పట్టిక చెప్పుచున్నది. అట్టివారికి నిపుణుని చికిత్స అవసరము. అదే యేడు అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలిమానస్ సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు.