దూరపు అడవులు నునుపు: యూరప్‌లో సహజ వనరుల మాస్టర్స్‌పై అపోహలు – వాస్తవాలు

ఇంజినీరింగ్ అయ్యాక అమెరికాలో ఎంఎస్ అంటే మన ఇళ్లలో ఎవరూ ఆరా తీయరు. అదే పిల్ల ‘యూరప్‌లో సహజ వనరుల నిర్వహణలో మాస్టర్స్ చేస్తా’ అంటే బాబాయి దగ్గర్నుంచి పక్కింటి అంకుల్ దాకా తలా ఒక మాట వేస్తారు. ‘అడవుల్లో తిరిగే ఉద్యోగం ఆడపిల్లకెందుకమ్మా?’ అని ఒకరు. ‘అక్కడ ఫీజే ఉండదట, కళ్లు మూసుకుని వెళ్లమను’ అని ఇంకొకరు. మొదటి మాట విని ఆగిపోతే పోయేది అవకాశం. రెండో మాట విని బయల్దేరితే పోయేది లక్షలు.

అపోహ: ఇది చెట్లు నాటే చదువు. అగ్రికల్చర్, ఫారెస్ట్రీ వాళ్లకే సీటు.

చెట్లు నాటడం నేర్చుకోవడానికి రెండేళ్లు అక్కర్లేదు. ఈ కోర్సులో ఎక్కువ కాలం గడిచేది లెక్కలతోనే. ఒక నదిలోకి నీరెంత వస్తోంది, ఎవరెంత తోడుకుంటున్నారు? అడవి ఏటా ఎంత పెరుగుతోంది, ఎంత నరికితే తరుగు రాదు? చేపల వేటకు హద్దు పెడితే నష్టపోయేదెవరు? వీటికి జవాబు వెతకడానికి స్టాటిస్టిక్స్, ఆర్ ప్రోగ్రామింగ్, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాల విశ్లేషణ), వనరుల ఆర్థికశాస్త్రం, చట్టాలు చదవాలి. సెంటినెల్-2 ఉపగ్రహాలు 10 మీటర్ల స్పష్టతతో తీసే చిత్రాలను యూరప్ అందరికీ ఉచితంగా ఇస్తోంది. కంప్యూటర్ ముందు వాటితో కుస్తీ పట్టడం ఈ చదువులో పెద్ద భాగం.

అలాగని బురద బూట్లు తప్పవు. అడవి కొలతల క్లాసు ఒకటి చెబుతాను. విద్యార్థి ఒక చోట నిలబడి, కంటికి 50 సెంటీమీటర్ల దూరంలో సెంటీమీటరు వెడల్పున్న చిన్న పలక పట్టుకుంటాడు. నిలబడ్డ చోటే గుండ్రంగా తిరుగుతూ, ఛాతీ ఎత్తులో పలక కన్నా లావుగా కనిపించిన మానుల్ని మాత్రం లెక్కపెడతాడు. 24 వచ్చాయనుకోండి. అక్కడ హెక్టారుకు మానుల అడ్డుకోత వైశాల్యం మొత్తం 24 చదరపు మీటర్లన్నమాట. ఒక్క చెట్టుకూ టేపు చుట్టలేదు, ప్లాటుకు హద్దు గీయలేదు. వాల్టర్ బిటర్లిఖ్ అనే ఆస్ట్రియా ఫారెస్టర్ 1940ల చివర్లో కనిపెట్టిన పద్ధతి ఇది. దీని వెనకున్న జ్యామితి ఇంటర్ ఎంపీసీ పిల్లలకు అందేదే.

అందుకే సివిల్ ఇంజినీర్లు, జియాలజీ, జాగ్రఫీ, ఎకనామిక్స్ చదివినవాళ్లు కూడా ఈ కోర్సుల్లో కనిపిస్తారు. అయితే జీవశాస్త్రాలలోనో పర్యావరణ శాస్త్రంలోనో ఇన్ని క్రెడిట్లు ఉండి తీరాలని షరతు పెట్టే వర్సిటీలూ ఉన్నాయి. డిగ్రీ పేరును బట్టి కాక, మార్కుల మెమోలోని సబ్జెక్టులను బట్టి నిర్ణయిస్తారు. వాటిని ఆ షరతుల పక్కన పెట్టి చూసుకోకుండా దరఖాస్తు చేయడం దండగ.

అపోహ: యూరప్ అంటే ఉచిత చదువు.

ఒకప్పటి మాట. యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థులకు డెన్మార్క్ 2006లో, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో ఫీజులు మొదలుపెట్టాయి. ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్ద పేరున్న నెదర్లాండ్స్ వాగెనింగెన్ వర్సిటీలో మనవాళ్లకు ఏడాది ఫీజు 20 వేల యూరోల పైమాటే. యూరో వంద రూపాయలనుకుంటే రెండేళ్లకు 40 లక్షలు, తిండీ గదీ కాకుండా.

జర్మనీ ప్రభుత్వ వర్సిటీల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేదన్నది నిజమే. అక్కడా మినహాయింపులున్నాయి. ఫ్రైబుర్గ్ వర్సిటీ ఉన్న బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటివాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ వర్సిటీ కూడా ఫీజు పెట్టింది. ఆస్ట్రియా మధ్యేమార్గం: వియన్నాలో 1872 నుంచి నడుస్తున్న బోకు వర్సిటీలో సెమిస్టర్‌కు సుమారు 727 యూరోలు. సహజ వనరుల నిర్వహణ, ఎకలాజికల్ ఇంజినీరింగ్ కలిపి అక్కడ ఒక కోర్సు ఉంది. ప్రాగ్‌లోని వర్సిటీ, న్యూజిలాండ్ లింకన్ వర్సిటీ అందులో భాగస్వాములు.

ఫీజు లేకపోయినా జర్మనీ వీసాకు ఏడాది ఖర్చుల సొమ్ము ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు, అంటే దాదాపు 12 లక్షలు. మన సర్టిఫికెట్లు అసలువేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. దానికి 18 వేల రూపాయలు వేరే.

నిజంగా ఉచితం అనదగ్గది ఎరాస్మస్ ముండుస్ స్కాలర్‌షిప్. ఫీజు వాళ్లే భరించి, నెలకు 1,400 యూరోల చొప్పున 24 నెలల దాకా ఇస్తారు. రెండు మూడు దేశాల్లో చదివి ఉమ్మడి డిగ్రీ పట్టుకోవచ్చు. వయోపరిమితి లేదు. ఎంపికయ్యేవాళ్లలో భారతీయులు ముందు వరుసలోనే ఉంటున్నారు. అడవులు, నీరు, సముద్ర వనరులు, సుస్థిర వ్యవసాయం మీద ఇలాంటి కోర్సులు వచ్చాయి. కాకపోతే ఒక్కో కోర్సుకు నిధులు కొన్ని బ్యాచ్‌లకే మంజూరవుతాయి. కిందటేడు సీనియర్‌కు వచ్చిన స్కాలర్‌షిప్ ఈ ఏడాది అదే కోర్సులో ఉండకపోవచ్చు.

అపోహ: ప్రకృతిని ఎలా కాపాడాలో యూరప్ ఎప్పుడో తేల్చేసింది. మనం వెళ్లి నేర్చుకుని రావడమే.

నా లెక్కలో అన్నిటికన్నా చెడ్డ అపోహ ఇదే. దూరపు కొండలు నునుపన్నట్టు, దూరపు అడవులు కూడా నునుపుగానే కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చూడాలంటే జర్మనీలో గోట్టింగెన్ నగరం పక్కనే హార్జ్ కొండలున్నాయి. శతాబ్దాలుగా గనుల కలప అవసరాలకు తగ్గట్టు పెంచిన అడవులవి. ఎటు చూసినా స్ప్రూస్ చెట్లే. 2018 నుంచి వరసగా వచ్చిన కరువులకు ఆ చెట్లు డస్సిపోయాయి. ఆపై బార్క్ బీటిల్ పురుగు బెరడు కింద దూరింది. ఆరోగ్యంగా ఉన్న చెట్టయితే జిగురు కార్చి పురుగును ముంచేస్తుంది. నీళ్లు లేని చెట్టుకు ఆ జిగురే ఊరదు. కొండవాలులకు కొండవాలులే బూడిదరంగు మోడులయ్యాయి. ఎండిన మానుల్ని నరికి తీసేయాలా, అలాగే వదిలేసి కొత్త అడవిని దానంతట అది రానివ్వాలా అని ఫారెస్టర్లూ నేషనల్ పార్కువాళ్లూ ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

సుస్థిర అడవుల ఆలోచన పుట్టింది కూడా ప్రకృతి మీద ప్రేమతో కాదు. శాక్సనీలో వెండి గనులకూ కొలుములకూ కట్టె కరువైతే, గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో పుస్తకం రాశాడు. పెరిగినంతే నరకాలన్నది అందులోని సారం. దాదాపు వందేళ్లకు, 1811లో, అదే శాక్సనీలోని థారాంట్‌లో హైన్రిఖ్ కోటా అటవీ పాఠశాల పెట్టాడు. ఇప్పుడది డ్రెస్డెన్ టెక్నికల్ వర్సిటీలో భాగం. ఉష్ణమండల అడవుల మీద ఇంగ్లిష్‌లో మాస్టర్స్ నడుస్తున్నదీ అక్కడే.

ఈ శాస్త్రం మనకు కొత్తేమీ కాదు. 1864లో మన అటవీ శాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన డీట్రిఖ్ బ్రాండిస్ జర్మన్. ఆయన తర్వాతి ఇద్దరూ, ష్లిఖ్, రిబ్బెన్‌ట్రాప్, జర్మన్లే. 1882 మద్రాసు అటవీ చట్టం మన్యంలో పోడు మీద పెట్టిన ఆంక్షలు ఎంత దూరం తీసుకెళ్లాయో 1922 రంప తిరుగుబాటు చెబుతుంది. అల్లూరి సీతారామరాజు గురించి బడిలో చదువుకున్న పిల్లలు ఈ కోర్సుకు వెళితే, కలప లెక్కలో మనుషుల్ని వదిలేస్తే ఏమవుతుందన్న చర్చ వాళ్లకు కొత్తగా ఉండదు. అక్కడి ప్రొఫెసర్లే ఇవాళ ఆ చరిత్రను నిలదీస్తున్నారు.

నెదర్లాండ్స్ సంగతీ అంతే. పశువుల పేడ, మూత్రం నుంచి వచ్చే నత్రజని రక్షిత ప్రాంతాలను పాడుచేస్తోందంటూ, అనుమతులిచ్చే పద్ధతిని 2019 మేలో అక్కడి కౌన్సిల్ ఆఫ్ స్టేట్ కొట్టేసింది. అక్టోబరులో రైతులు ట్రాక్టర్లతో హేగ్ నగరాన్ని దిగ్బంధం చేశారు. 2023 ప్రాంతీయ ఎన్నికల్లో రైతుల పక్షాన పుట్టిన కొత్త పార్టీ మొదటి స్థానంలో నిలిచింది. పాడి రైతు, పర్యావరణవాది, కోర్టు తలా ఒక వైపు లాగుతుంటే మధ్యలో తలపట్టుకున్న ప్రభుత్వం. ఇది చూస్తే మనకు పరాయి దేశంలా అనిపించదు.

ఇంకో విశేషం. ఉమ్మడి వనరుల గురించి పాఠం చెప్పేటప్పుడు 2009లో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ పేరు రాక తప్పదు. స్విట్జర్లాండ్‌లో టోర్బెల్ గ్రామస్తుల పచ్చిక బీళ్ల కట్టుబాట్లు, స్పెయిన్‌లో వాలెన్సియా రైతుల కాలువ నీటి పంపకం ఆమె చూపించిన ఉదాహరణలు. వాలెన్సియాలో నీటి తగాదాలు తీర్చే రైతుల పంచాయతీ ఇప్పటికీ ప్రతి గురువారం మధ్యాహ్నం చర్చి గుమ్మం ముందు కూర్చుంటుంది. ఇదే అంశం మీద తరచూ ఉదహరించే మరో పుస్తకం రాబర్ట్ వేడ్ 1988లో వెలువరించినది. ఆయన పరిశోధించింది ఎక్కడో కాదు, మన కర్నూలు జిల్లా పల్లెల్లో. కాలువ చివరి ఊళ్లలో నీళ్లకు కటకట ఎక్కువ కాబట్టి, ఊరంతా డబ్బు వేసుకుని నీరు పారించడానికీ పొలాలు కాయడానికీ మనుషుల్ని పెట్టుకోవడం ఆయన గమనించాడు. మన పిల్లలు అప్పుచేసి యూరప్ వెళ్లి, అక్కడి లైబ్రరీలో కర్నూలు గురించి చదువుకునే అవకాశం ఉందన్నమాట! యూరప్ కూడా మన వైపు చూస్తోంది: 2024లో లిస్బన్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చిన పురస్కారాన్ని పంచుకున్నవాళ్లలో ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి.

కాబట్టి అక్కడ నేర్చుకోవాల్సింది పరిష్కారం కాదు. కొలిచే పద్ధతి, వాదించే పద్ధతి. పరిష్కారం కావాల్సిన సమస్యను మాత్రం ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి. చాలా కోర్సుల్లో ఆఖరి సెమిస్టర్ థీసిస్‌కు సొంత ప్రాంతంలో డేటా సేకరించుకోనిస్తారు. కొల్లేరో, నల్లమలో, భూగర్భ జలం అడుగంటిన మీ మండలమో అందుకు పనికొస్తుంది.

అపోహ: కోర్సు ఇంగ్లిష్‌లోనేగా, వాళ్ల భాష ఎందుకు?

క్లాసు ఇంగ్లిష్‌లోనే. ఫీల్డులో కనిపించే రైతు, కలప కాంట్రాక్టరు, మునిసిపాలిటీ గుమాస్తా మాత్రం జర్మనో స్వీడిషో మాట్లాడతారు. భాష రాకపోతే ఇంటర్న్‌షిప్ దగ్గరే దారి సగం మూసుకుపోతుంది. జర్మనీ ప్రభుత్వ అటవీ సర్వీసులోకి వెళ్లాలంటే భాషతోపాటు అక్కడి రాష్ట్రాలు నడిపే ప్రత్యేక శిక్షణ కూడా పూర్తిచేయాలి. మన మాస్టర్స్ పట్టా చూపించి నేరుగా చేరే కొలువు కాదది.

అపోహ: పార్ట్‌టైమ్‌తో ఖర్చులు వెళ్లిపోతాయి, తర్వాత గ్రీన్ జాబ్స్ ఎలాగూ బోలెడు.

జర్మనీలో విద్యార్థికి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకునే వీలుంది. అనుమతి ఉన్నంత మాత్రాన పని దొరకదు. ఇలాంటి కోర్సులున్నవాటిలో కొన్ని చిన్న ఊళ్లు, అక్కడ హోటళ్లూ గోదాములూ తక్కువ. పార్ట్‌టైమ్ చేతిఖర్చుకు సాయం, అంతే. దాన్ని నమ్ముకుని అప్పు చేయకండి.

చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఇస్తుంది. ఐటీలో లాగా ఖాళీలు గుట్టలుగా ఉండవు. దొరికేవి కన్సల్టెన్సీలు, జీఐఎస్ సంస్థలు, కార్బన్ ప్రాజెక్టుల తనిఖీ, పరిశోధన సంస్థల్లో. మనవాళ్లకు అంతగా తెలియనిదొకటుంది: జర్మనీ, నెదర్లాండ్స్, నార్డిక్ దేశాల్లో చాలా పీహెచ్‌డీలు జీతమిచ్చే ఉద్యోగాలే. ఉద్యోగ ప్రకటన ఇచ్చి మరీ తీసుకుంటారు.

తిరిగొచ్చినా పని ఉంది. అడవి నరికి పండించిన సరుకును రానివ్వకూడదని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. కాఫీ, రబ్బరు, కలప సహా ఏడు సరుకులకు, పండిన తోట ఎక్కడుందో జీపీఎస్ కొలతలతో చూపాలి. అమలు వాయిదాలు పడుతూ వచ్చినా, అరకు కాఫీ యూరప్ చేరాలంటే ఆ చిన్నచిన్న గిరిజన తోటల పటాలు ఎవరో ఒకరు గీయాల్సిందే.

అపోహ: ఈ డిగ్రీ ఉంటే ఐఎఫ్ఎస్ తేలిక.

ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు కావాల్సింది నిర్ణీత సైన్స్ సబ్జెక్టుల్లో ఒకదానితోనైనా బ్యాచిలర్ డిగ్రీ, లేదంటే అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్‌లలో ఒకటి. విదేశీ మాస్టర్స్‌కు ఒక్క మార్కు కూడా కలవదు. ఐఎఫ్ఎస్ లక్ష్యమైతే ఆ రెండేళ్లూ ఇక్కడే కూర్చుని చదువుకోవడం మేలు.

చివరగా ఏజెంట్ల సంగతి. ట్యూషన్ ఫీజే తీసుకోని ప్రభుత్వ వర్సిటీ నుంచి ఏజెంటుకు కమిషన్ రావడం కష్టం. అందుకే వాళ్ల జాబితాలో అలాంటివి కిందెక్కడో ఉంటాయి, అసలుండకపోవచ్చు కూడా. దరఖాస్తు మీరే నింపండి. మోటివేషన్ లెటర్‌లో ‘చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ప్రాణం’ అని రాయకండి, అందరూ రాసేది అదే. మీ ఊరి చెరువు తూము ఎందుకు మూసుకుపోయింది, ఆయకట్టు ఎవరి చేతుల్లోకి పోయింది, దాని మీద మీరేం తెలుసుకోవాలనుకుంటున్నారు అన్నది రాయండి. ఎరాస్మస్ కోర్సుల దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి లోపు తెరిచి మూసేస్తారు. వచ్చే సెప్టెంబరులో చేరాలనుకునేవాళ్లు ఈ దసరా సెలవుల్లోనే ఏపీఎస్, ఐఈఎల్‌టీఎస్ పనులు మొదలుపెట్టండి.