ఏడు వందల ఏళ్ల గోడలు: మన చేతిలోని అమానతు

రాజమహేంద్రవరంలోని పురాతన జామియా మస్జిద్ గుమ్మం పైన ఒక పారశీక శాసనం ఉంది. అది హిజ్రీ 724 రమజాన్ 20, అనగా క్రీ.శ. 1324 సెప్టెంబరు 10 నాటిది. తుగ్లక్‌ల పాలనాకాలంలో సాలార్ ఉల్వీ అనే అధికారి ఈ మస్జిద్‌ను కట్టించినట్లు దానివల్ల తెలుస్తున్నది. ఒకసారి మేము మా విద్యార్థులకు ఈ సంగతి చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "ఉస్తాద్, భూకంపం వస్తే ఈ మస్జిద్ నిలుస్తుందా?" అని అడిగాడు.

అది పసితనపు ప్రశ్న కాదు. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూమి కంపించినప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల ప్రజలూ ఉలిక్కిపడ్డారు. అంతకుముందు 1969 ఏప్రిల్ 13 రాత్రి భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ భద్రాచలం మనకు ఎగువన, ఇదే గోదావరి ఒడ్డున ఉంది. గోదావరి లోయ కింద భూమిలో అతి ప్రాచీనమైన పగుళ్లు ఉన్నాయి. మన డెల్టా నేల నది తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు. గట్టి రాతినేల మీద కన్నా ఇటువంటి నేలలో ప్రకంపన ఎక్కువవుతుంది.

దీనికి అహ్మదాబాదే సాక్ష్యం. అక్కడి జామా మస్జిద్‌ను సుల్తాన్ అహ్మద్ షా 1424లో, మన మస్జిద్‌కు సరిగ్గా నూరేళ్ల తర్వాత, పూర్తి చేశాడు. 1819 జూన్ 16న వచ్చిన కచ్ భూకంపంలో దాని ఎత్తయిన మీనార్లు కూలిపోయాయి. స్తంభాల వరుసలతో ఉన్న ప్రార్థనా మందిరం మాత్రం నేటికీ నిలిచి ఉంది. 2001 జనవరి 26న మళ్లీ కచ్‌లో భూమి కంపించింది. భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అదే అహ్మదాబాద్‌లో, సబర్మతి ఒండ్రు నేల మీద, అనేక కొత్త బహుళ అంతస్తుల భవనాలు నేలకూలాయి. వాటిలో చాలావాటికి కింది అంతస్తులో గోడలు లేవు. వాహనాల కోసం ఖాళీగా వదిలారు. పాతదైనంత మాత్రాన కట్టడం బలహీనమనీ, కొత్తదైనంత మాత్రాన బలమైనదనీ అనుకోరాదు.

బైతుల్ మఖ్దిస్‌లోని అఖ్సా మస్జిద్ కూడా భూకంపాలకు పలుమార్లు దెబ్బతిన్నది. 1033 నాటి భూకంపం తర్వాత ఫాతిమీ ఖలీఫా అజ్జాహిర్ దానిని పూర్వం కన్నా తక్కువ నడవలతో పునర్నిర్మించాడు. ఆ విధంగా వైశాల్యం తగ్గినా, ఆరాధన ఆగలేదు.

మరి మనమేం చేస్తున్నాం? మా ఎరుకలోని ఒక పల్లె మస్జిద్‌లో స్థలం చాలడం లేదని రెండు సఫ్‌ల మధ్య ఉన్న పాత గోడను తొలగించారు. ఆపై కప్పు మీద పెద్ద నీళ్ల ట్యాంకు నిలిపారు. పై అంతస్తు వేసి పిల్లల మక్తబ్ నడిపారు. సంకల్పం మంచిదే; కానీ ఆ గోడ ఎంత బరువు మోస్తున్నదో ఒక్కరూ ఇంజినీరును అడగలేదు. ఆ కప్పు కింద కూర్చున్నది మన బిడ్డలే.

దివ్య ఖుర్ఆన్‌లోని 99వ సూరా పేరే జిల్‌జాల్. అది ప్రళయదినాన్ని గుర్తు చేసి మన కర్మల లెక్కను ముందుంచుతుంది. అప్పగించిన ప్రాణాలను అశ్రద్ధ చేయడం కూడా ఆ లెక్కలోనిదే. ఒంటెను కట్టివేసి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించారు. జాగ్రత్త వహించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే.

కనుక ముతవల్లీలకు, మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఇది. పాత గోడను గాని, కమానును గాని ఇంజినీరు సలహా లేకుండా ముట్టుకోవద్దు. గోడల్లో మొలిచే రావి మొక్కలను వేరు దిగకముందే తీయించండి. వాననీరు గోడల్లోకి ఇంకకుండా చూడండి. సున్నపు కట్టడాన్ని సున్నంతోనే బాగుచేయించండి. సిమెంటు పూత లోపలి తేమను బంధిస్తుంది. శాసనాలను ఫొటోలు తీసి, కొలతలు రాసి భద్రపరచండి. రంగు వేసేటప్పుడు అక్షరాలు పూడిపోకుండా కాపాడండి. పిల్లలు బయటకు వచ్చే దారిలో చెప్పుల అరలు, బీరువాలు ఉంచవద్దు.

ఆ పిల్లవానికి మేమిచ్చిన సమాధానం ఇంతే: "బాబూ, ఏది నిలుస్తుందో అల్లాహ్‌కే తెలుసు. ఏడు వందల ఏళ్లుగా ఎందరో దీనిని కాపాడి మన చేతికి అందించారు. మన వంతు మనం చేశామా అన్నదే రేపు మనల్ని అడిగే ప్రశ్న."