చెవితో వ్రాసుకొను పాఠము

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో జాజ్ నేర్వగోరు యువకునకు గురువు దొరకకున్నను, చెవియు, చేతిఫోనును, ఓర్పును ఉన్నయెడల, 1959లో న్యూయార్కున రికార్డయిన సంగీతమే పాఠశాల కాగలదు. ఏలనన మనోధర్మముతో వాయించు సోలోను విని, స్వరస్వరముగ కాగితముపైకి ఎక్కించుటయే ఆ విద్యలోని శిష్యరికము. జాజ్ విద్వాంసుడు చార్లీ పార్కరంతటివాడును తన ముందరి విద్వాంసుడైన లెస్టర్ యంగ్ రికార్డులను విని కంఠస్థము చేసినవాడే.

1959 నాటి ఆ సంగీతములో మైల్స్ డేవిస్ బృందపు ‘సో వాట్’ మనవారికి మంచి ప్రారంభము. దాని స్వరసంచయము మన ఖరహరప్రియకు సరిపోవును. పదునాఱు ఆవర్తములు గడచిన పిమ్మట ఆధారషడ్జము అర్ధస్వరము పైకి జరిగి, ఎనిమిది ఆవర్తములు అచట నిలిచి, తక్కిన యెనిమిదింటికి స్వస్థానమునకు మరలును. వ్రాయబూనువాడు ముందుగ సోలోలోని ఒక చిన్న సంచారమును పాడవలెను. పాడరానిది చెవికి పట్టుబడలేదన్నమాటే. పిదప వాద్యముపై వెదకి, కడపట వ్రాయవలెను. వేగము సగమైనను శ్రుతి మారని సౌకర్యము నేటి ఫోనులలో కలదు. గ్రామఫోను పళ్లెమును సగము వేగమున త్రిప్పిన నాటివారికి స్వరములన్నియు ఒక స్థాయి దిగిపోయెడివి.

వ్రాతకు లొంగనిది స్వరము కాదు, దాని యూపు. ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు: 1904లో ఎట్టయాపురమున తెలుగు లిపిలో వెలువడిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో సుబ్బరామ దీక్షితులు గమకములకు ప్రత్యేక చిహ్నములనే వాడిరి, ఆయనను ప్రోత్సహించిన చిన్నస్వామి మొదలియారు అంతకుమున్నే కర్ణాటక కృతులను పాశ్చాత్య స్వరలిపిలో ప్రకటించిరి. జాజ్‌లోనో, సమముగ వ్రాసిన స్వరద్వయము దీర్ఘహ్రస్వములై వినబడును. కావున వ్రాసిన ప్రతి పుటను రికార్డుతో కలిపి వాయించి సరిచూచుకొనక తప్పదు.