కిన్నెరసాని ఒడ్డున పిల్లాపాపలతో నడక

పర్ణశాల, భద్రాచలం చూడవచ్చే కుటుంబాలకు అడవీ, నీళ్ళూ ఒక్కచోటే దొరికే తావు కిన్నెరసాని జలాశయం. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో, పాల్వంచకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ రాసింది ఈ ఏటి మీదే. గోదావరిలో కలవబోయే ఏటికి అడ్డంగా కట్టిన ఆనకట్ట వెనుక నిలిచిన నీళ్ళు కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రానికి అందుతాయి. చుట్టూ ఉన్న అడవి 1977 నుంచి అభయారణ్యం. విస్తీర్ణం సుమారు 635 చదరపు కిలోమీటర్లు.

అభయారణ్యం కాబట్టి నచ్చిన దారిన లోపలికి వెళ్ళడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ప్రవేశానికి అనుమతి ఉండాలి. ఏ దారి తెరిచి ఉందో, ఏ వేళ వరకు ఉండనిస్తారో అటవీశాఖ వారిని ముందే అడిగి, వారు చూపిన మేరకే నడవాలి. అడవి తెలిసిన స్థానికుడొకరు వెంట ఉంటే మరీ మంచిది. దూరాన ఆకు కదిలితే అది దుప్పో, కొండముచ్చో చెప్పగలిగేది అతనే.

యాత్రతో కలిపి వచ్చేవారు తరచూ చేసే పొరపాటు అన్నీ ఒకేరోజులో పెట్టుకోవడం. పర్ణశాల భద్రాచలానికి ఎగువన, దుమ్ముగూడెం వైపు 30 కిలోమీటర్లకు పైగా దూరం. కిన్నెరసాని గోదావరికి అవతలి ఒడ్డున, వంతెన దాటి పాల్వంచ మీదుగా వెళ్ళాల్సిన చోటు. రెండూ రెండు దిక్కులు. మొదటిరోజు దైవదర్శనం, పర్ణశాల పెట్టుకుని, రాత్రి విశ్రాంతి తీసుకుని, మర్నాడు పొద్దున్నే నడకకు బయల్దేరడం పిల్లలకూ పెద్దలకూ సుఖం. రైలులో వచ్చేవారు దిగాల్సిన స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. అది ఉన్నది మాత్రం కొత్తగూడెంలో.

నడకకు అనువైన కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు. కొత్తగూడెం ప్రాంతం తెలుగునాట ఎండలు మండే చోట్లలో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో చిన్నపిల్లలతో అడవిలో నడవాలన్న ఆలోచనే వద్దు. ఆకు రాలిన టేకు చెట్ల కింద నీడ కూడా ఉండదు. వానాకాలంలో ఇబ్బంది వేరు. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. 1986లో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. వరద పెరిగితే పర్ణశాలలో సీతమ్మ నారచీరల ప్రాంతం మునిగిపోతుంది, దారులు తెగిపోతాయి. కిన్నెరసాని జలాశయం పూర్తి మట్టం 407 అడుగులు. నీరు ఆ మట్టానికి దగ్గరైతే గేట్లు ఎత్తుతారు. ఎండిన ఇసుకలా కనిపించే దిగువ ఏటిపాయలోకి నీళ్ళు ఒక్కసారిగా వచ్చిపడతాయి. అక్కడ పిల్లల్ని ఆడనివ్వకూడదు.

నడక ఎంత దూరం ఉండాలన్నది చిన్నపిల్లల కాళ్ళను బట్టి తేల్చాలి. స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో ఒక లెక్క చెప్పాడు: 5 కిలోమీటర్లకు గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. అది దృఢమైన పెద్దవాళ్ళ లెక్క. జలాశయం పక్క నేల చాలావరకు చదునే కాబట్టి ఎక్కుడు గురించి బెంగ లేదు. కానీ అయిదారేళ్ళ పిల్లవాడు ప్రతి చీమలబారు దగ్గరా ఆగుతాడు, ఆగాలి కూడా, అడవికి తీసుకొచ్చింది అందుకే. అందువల్ల గంటకు కిలోమీటరున్నర అనుకుని, రానూపోనూ మూడు నాలుగు కిలోమీటర్లు మించకుండా చూసుకోవాలి. వెనుదిరిగే వేళ బయల్దేరకముందే నిర్ణయించుకుని, అనుకున్న చోటికి చేరకపోయినా ఆ వేళకు మళ్ళాలి. డిసెంబరులో సాయంత్రం అయిదున్నర దాటగానే పొద్దు వాలుతుంది, చెట్ల కింద చీకటి అంతకన్నా ముందే కమ్ముతుంది.

అన్నిటికన్నా గట్టిగా గుర్తుంచుకోవలసిన సంగతి మొసళ్ళు. కిన్నెరసానిలో మగ్గర్ జాతి మొసళ్ళున్నాయి. చలికాలం పొద్దుటిపూట ఒంటికి వేడి కోసం అవి ఒడ్డుకు వచ్చి పడుకుంటాయి. నడకకు మంచి కాలమూ అదే కావడంతో జాగ్రత్త రెట్టింపు కావాలి. నీళ్ళలో కాళ్ళు పెట్టడం, చేతులు కడగడం, ఒడ్డున కూర్చుని తినడం పనికిరావు. కట్ట మీద నుంచి గానీ, ఎత్తయిన చోటు నుంచి గానీ చూస్తే జలాశయం అందం ఏమాత్రం తగ్గదు. ఆనకట్ట దగ్గరి జింకల పార్కు చిన్నపిల్లలకు బాగుంటుంది. దుప్పులకు ఇంటి తిండి పెట్టకూడదని ముందే చెప్పి ఉంచాలి.

అడవిలో పిల్లలకు చూపించదగ్గవి చెట్లే. జంతువులు కనిపించడం అదృష్టాన్ని బట్టి ఉంటుంది, చెట్టు ఎక్కడికీ పోదు. టేకు, వెదురు, తునికి, ఇప్ప, మోదుగ ఈ నేలలో విరివిగా పెరుగుతాయి. నల్లమద్ది బెరడు మొసలి వీపులా పగుళ్ళుదేరి ఉంటుంది, ఒక్కసారి చూపిస్తే పిల్లలు మళ్ళీ మరచిపోరు. ఫిబ్రవరి చివర మోదుగలు ఎర్రగా పూస్తాయి. ఆ వెనకే ఇప్పపూలు రాలతాయి. కోయ కుటుంబాలు తెల్లవారకముందే వాటిని ఏరడానికి వస్తాయి, ఎలుగుబంట్లకూ ఆ పూలంటే ప్రాణం. ఆ రోజుల్లో తెల్లవారుజామున ఇప్పచెట్ల వైపు పోకూడదు.

చద్దికి పులిహోర, దద్ధోజనం, అరటిపళ్ళు, వేరుశెనగ పట్టీలు చాలు. నీళ్ళు ఇంటినుంచే తెచ్చుకోవాలి. కాగితం ముక్క కూడా వదలకుండా తిరిగి తీసుకుపోవాలి. కోతులున్న చోట సంచి తెరవకపోవడమే మేలు. వేళ్ళన్నీ కప్పే బూట్లు, పొడుగు చేతుల నూలు బట్టలు, టోపీ వేసుకోవాలి. రాలిన ఆకుల్లో కాలు పెట్టేముందు కర్రతో తట్టాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఈ ప్రాంతంలో ఉన్నాయి. కరిస్తే గట్టిగా కట్లు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ప్రమాదం. కరిచిన అవయవాన్ని కదలనివ్వకుండా, మనిషిని నడిపించకుండా 108కి చెప్పి ఆసుపత్రికి చేర్చాలి. పాల్వంచ, కొత్తగూడెం, భద్రాచలంలో ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. లోపల ఫోన్ అందకపోవచ్చు కనుక ఎటు వెళ్తున్నదీ, ఎప్పటికి వస్తామన్నదీ బయట ఒకరికి తెలిసి ఉండాలి.

దారిలో కోయగూడేలు తగులుతాయి. అవి చూడ్డానికి పెట్టిన బొమ్మలు కావు, మనుషుల ఇళ్ళు. అడగకుండా ఫోటోలు తీయడం, వాకిట్లో ఆరబెట్టిన పూలూ గింజలూ తొక్కడం తగదు. దారి చూపిన మనిషికి కూలి ముందే మాట్లాడుకుని సంతోషంగా ఇవ్వాలి.

ఇంటికి చేరాక బట్టలు వేడినీళ్ళలో ఉతికి, పిల్లల చెవుల వెనుక, చంకల్లో, నడుము దగ్గర పిడుదులు అంటుకున్నాయేమో చూడాలి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా ఉంది. తిరిగివచ్చిన కొన్ని వారాల్లో ఎవరికైనా జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించాలి, అడవికి వెళ్ళివచ్చిన సంగతి డాక్టరుకు చెప్పాలి.