బొగ్గుల మీద కోడి, పక్కన పచ్చి టమాట

మా జనగామ ఇంట్లో కోడి కాల్చాలంటే ముందు కొట్లాట రొమ్ముముక్కా, తొడముక్కా అని. నా ఓటు తొడకే. రొమ్ములో కొవ్వు తక్కువ, కాస్త ఎక్కువ కాలితే పీచైపోతుంది. నాటుకోడిని మాత్రం పులుసుకే వదిలెయ్యండి.

మసాలా కంటే ముందు ఉప్పు. కిలో ముక్కలకు 15 గ్రాములు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే లోపలిదాకా దిగుతుంది. పొద్దున పెరుగు, అల్లం ఎల్లిగడ్డ, చపాట కారం. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పండే ఈ మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. రంగు బాగా దిగుతుంది, ఘాటు తక్కువ. మానుకోట రైతులు వేసే తేజ రకమైతే అందులో సగం కూడా ఎక్కువే!

బొగ్గుల్ని ఒక పక్కకు నెట్టండి. నిప్పు లేని వైపు ముక్కల మీద మూతపెట్టి మగ్గనిచ్చి, చివర్లో నిప్పు మీదికి జరపండి. పెరుగు మాడదు, అంచులు మాత్రం కాలతాయి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరాలి. రంగు చూసి నమ్మొద్దు, చిన్న థర్మామీటర్ కొనుక్కోండి.

ఇక మెక్సికో సల్సా. అందులో పడే టమాట, మిరప మనకూ అమెరికా ఖండాల నుంచే వచ్చాయి. గట్టి టమాటల గింజలు తీసేసి, సన్నగా తరిగి, ఉప్పు చల్లి పావుగంట జల్లెడలో ఉంచండి. ఈ ఒక్క పనితో సల్సా నీళ్లోడడం ఆగుతుంది. తరిగిన ఉల్లిగడ్డ ఆలోపు నిమ్మరసంలో నానాలి. పచ్చిమిర్చి, కొత్తిమీర కాడలతో సహా వడ్డించే ముందే కలపండి. జల్లెడ కింద దిగిన టమాట నీళ్లను మా అత్తమ్మ చారులో పోస్తది.