కియాంటీ కొండలలో ద్రాక్ష తోటలు

ఇటలీ దేశమున ఫ్లారెన్సు, సియెనా పట్టణముల నడుమ కియాంటీ కొండలు గలవు. అచట కొన్ని కుటుంబములు సాంజొవేసె యను నల్లద్రాక్షను రసాయనపు టెరువులు లేక సేంద్రియముగ పండించి, ద్రాక్షాసవమును తామే తీయుచున్నవి. వరుసల నడుమ చిక్కుడు జాతి పైరును పెంచి కలియదున్నుదురు. మన జనుము, పిల్లిపెసర వంటిదే.

ఇంతవరకు సులభమే. చిక్కెల్ల బూజు తెగులుతోనే. వాన యెక్కువైనచో ఆకులపై నూనె మరకలవంటి మచ్చలు లేచి, గుత్తులు మాడిపోవును. వారికి మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమే ముఖ్యాధారము. అదియు వానకు కొట్టుకొనిపోవును. మరల మరల చల్లుదమన్న, రాగి నేలలో నిలిచి వానపాములకు కీడుచేయును. కావుననే 2019 నుండి ఐరోపా చట్టము హెక్టారునకు, అనగా సుమారు రెండున్నర యెకరములకు, 7 సంవత్సరములలో 28 కిలోల రాగిని మించరాదని కట్టడి చేసినది.

2023 లో వానలు విడువక కురియగా ఇటలీలో పెక్కుచోట్ల ఈ తెగులు చెలరేగి దిగుబడి మిక్కిలి తగ్గెను. ధనికులు తట్టుకొందురు; చిన్న కుటుంబమునకు ఆ యేటి పంటయే జీవనము.

మందుకంటె గాలియే మేలని మా యభిప్రాయము. గుత్తుల చుట్టునున్న ఆకులను త్రుంచినచో తడి త్వరగా ఆరును. ఇది చేతిపని, ఇంటివారే తోటలో నున్నచో వేళ తప్పదు.